యమము - సంయమము

భూపాలపల్లి జిల్లాలో ప్రాణహిత గోదావరితో కలియు చోట కాళేశ్వర క్షేత్రము వెలసియున్నది. సరస్వతి అంతర్వాహినియై ఇచ్చట చేరునని పెద్దల విశ్వాసము. 2025 మే మాసమున సరస్వతీ పుష్కరములు ఇచ్చట జరిగినవి. గర్భాలయమున ఒకే పానవట్టముపై రెండు లింగములు కలవు. ఒకటి కాళేశ్వరుడు, అనగా యముడు, రెండవది ముక్తేశ్వరుడు. ముందు యమునికి, పిదప ముక్తేశ్వరునికి పూజ చేయుట ఆచారము. ఈ క్రమము వైష్ణవ గృహస్థులకును ఆలోచింపదగినది.

‘యమ’ శబ్దమునకు మూలము ‘యమ్’ ధాతువు. ఉపరమము, అనగా నిలుపుట, దాని యర్థము. ప్రాణులను అదుపున నుంచువాడు యముడు. ఆయన పురము సంయమని. నియమము, సంయమము, ప్రాణాయామము అను పదములు ఈ ధాతువునుండి పుట్టినవే. రథసారథిని ‘యంత’ యందురు. అతడు గుఱ్ఱమును చంపడు. పగ్గము పట్టి త్రోవన నడుపును. ఇంద్రియ నిగ్రహమనగా ఇంద్రియములను చంపుట కాదని ఈ పదమే బోధించుచున్నది.

అహింస, సత్యము, అస్తేయము, బ్రహ్మచర్యము, అపరిగ్రహము అను ఐదింటిని పతంజలి యమములని పేర్కొనెను. అమరకోశము ప్రకారము నిత్యము పాటింపవలసినది యమము. అప్పుడప్పుడు బాహ్యసాధనములతో ఆచరించునది నియమము. యమమును విడిచి నియమములనే పట్టుకొనువాడు పతితుడగునని మనువు హెచ్చరించెను. ఏకాదశినాడు నిరాహారముగా నుండి, ఆనాడే కోడలిని పరుషముగా నిందించువారి మాట యేమి? ఉపవాసము నిలిచినది, అహింస జారినది. అంగడిలో తూకము తగ్గించి, ఆ లాభముతో తులసిమాల కొన్నవాని గతియు నట్టిదే.

అయితే మనస్సును నిలుపుట మానవునకు సాధ్యమా? బృహదారణ్యకమున యాజ్ఞవల్క్యుడు ఉద్దాలకునకు అంతర్యామిని ఉపదేశించెను. ఈ శబ్దమునను ‘యమ్’ ధాతువే యున్నది. సర్వభూతముల లోపల నుండి వాటిని నియమించువాడు అంతర్యామి. భగవద్రామానుజుల శరీర శరీరి భావమునకు ఈ ఉపదేశము ఆధారము. గీతలో పదవ అధ్యాయమున, నియమించువారిలో యముడను తానేయని భగవానుడు చెప్పెను. సహస్రనామములలో యమ నామము గలదు. మరియొక చోట శంకర భాష్యానుసారము ‘అయమః’ అను నామమును గలదు. మృత్యువు లేనివాడని దానికి అర్థము.

కావున పగ్గము పట్టువాడు లోపలనే యున్నాడు. ఆయన పట్టుకు లొంగియుండుటయే జీవుని వంతు. అట్లు లొంగినవానికి యముడు భయహేతువు కాడు. ముక్తిద్వారమున ముందుగా నమస్కరింపవలసిన పెద్ద. కాళేశ్వరమున ఒకే పీఠముపై నున్న ఆ యిరువురి సన్నిధి యాత్రికునకు గుర్తుచేయునది ఇదియే.