ముద్దుల చేప, మొండి చేప

పట్టిన చేపని తిరిగి నీళ్ళలోకే వదిలేసేవాణ్ణి ఏమనాలి? దయామయుడనాలా, పనిలేనివాడనాలా? మనవైపు ఈ ప్రశ్నకి తావే లేదు. గాలం వేసేది కూర కోసం. పడితే పులుసు, పడకపోతే చారు. పడ్డ చేపతో ఫొటో తీయించుకుని, "పోయిరా తల్లీ" అని సాగనంపే మనిషి గోదావరి గట్టుమీద కనిపిస్తే, ఇంట్లోవాళ్ళు భూతవైద్యుడికి కబురు పెడతారు.

అమెరికాలో అలా కాదు. చేపని వదలడం అక్కడ పెద్దమనిషి తరహా. పోనీ అన్ని చేపల్నీ వదులుతారా అంటే, వదలరు. తిరకాసంతా అక్కడే ఉంది.

వర్జీనియాలో లేక్ ఆనా అని ఓ సరస్సుంది. అణు విద్యుత్ కేంద్రాన్ని చల్లబరచడానికి నదికి అడ్డకట్ట వేసి 1972లో మనుషులు తయారుచేసిన సరస్సు. ఓ జనవరిలో మా తమ్ముడు నన్నక్కడికి లాక్కెళ్ళాడు. ముక్కు ఉందో ఊడిందో తడిమి చూసుకోవలసినంత చలి! అయినా గాలాలవాళ్ళు వరసగా నిలబడి ఉన్నారు. కేంద్రంలో వేడెక్కిన నీళ్ళు ఒకచోట గట్టు దగ్గర సరస్సులో కలుస్తాయి. చలికాలం ఆ వెచ్చదనానికి చిన్న చేపలు చేరతాయి. వాటికోసం పెద్ద చేపలు, పెద్ద చేపల కోసం మనుషులు. తెల్లటి గల్ పక్షులు ఎక్కడ గుంపుగా వాలుతున్నాయో చూసుకుని పడవలు అటు పరుగెడతాయి.

ఆ రోజు మా ముందు పడ్డవి రెండే రకాలు. ఒకటి స్ట్రైప్డ్ బాస్. వెండిరంగు ఒంటిమీద స్కేలు పెట్టి గీసినట్టు ఏడెనిమిది నల్లటి చారలు. మనిషి చేయంత పొడుగు. రెండోది వైట్ పెర్చ్. అరచేతిలో ఇమిడేంత, చారలూ సోకులూ లేని చేప. శాస్త్రజ్ఞులు రెండింటినీ మోరోన్ అనే ఒకే ప్రజాతిలో చేర్చారు. అంటే పెదనాన్న, చిన్నాన్నల పిల్లల వరస.

మా తమ్ముడికి బాస్ పడింది. వాడు చేతులు తడిపి మరీ దాన్ని పట్టుకున్నాడు. పొడి చేత్తో పట్టుకుంటే ఒంటిమీది జిగురు ఊడి రోగం వస్తుందట. గాలం తీసి, నీళ్ళలో పెట్టి, అది తేరుకునేదాకా బాలింతని చూసినట్టు చూసి వదిలాడు.

"చన్నీళ్ళు కాబట్టి బతికేస్తుందక్కా. ఎండాకాలం అయితే వదిలినా చాలామటుకు తేలిపోతాయి," అన్నాడు గొప్పగా.

ఇంతలో కాస్త అవతల ఎవరికో పెర్చ్ పడింది. ఆయన దాన్ని గాలం నుంచి పీకి వెనక్కి చూడకుండా గట్టుమీదకి విసిరేశాడు. అది గులకరాళ్ళమీద ఎగిరెగిరి పడుతోంది.

"అయ్యో, దాన్ని వదలరుట్రా?"

"అది వైట్ పెర్చ్ అక్కా. దరిద్రం. ఎన్ని పోతే అంత మంచిది."

దరిద్రం ఎలా అయిందో కనుక్కుందామని తర్వాత కాస్త చదివాను. బాస్ మన పులసలాంటిది. సముద్రంలో పెరిగి, గుడ్లు పెట్టడానికి నదిలోకి ఎదురీదుతుంది. దక్షిణ కరోలినాలో 1941లో శాంటీ నదిమీద ఆనకట్ట తలుపులు మూస్తే కొన్ని బాస్‌లు ఎగువన చిక్కుకుపోయాయి. ఉప్పునీటి మొహం చూడకుండానే అవి బతికాయి, పిల్లల్నీ పెట్టాయి. అది చూసి మరెన్నో రాష్ట్రాలవాళ్ళు తమ సరస్సుల్లో బాస్‌ని పెంచడం మొదలెట్టారు. అయితే దాని గుడ్లు రెండు రోజులపాటు పారే నీళ్ళలో తేలుతూ ఉండాలి. నిలవనీళ్ళలో అడుక్కి దిగి, ఊపిరాడక చచ్చిపోతాయి. అందుకని ఆనాతో సహా చాలా సరస్సుల్లో బాస్‌కి వంశం నిలవదు. ఏటేటా సర్కారువాళ్ళు పిల్లల్ని పెంచి తెచ్చి వదలాలి.

పెర్చ్‌కి ఆ బెంగ లేదు. ఒక్క తల్లి లక్షకి పైగా గుడ్లు పెట్టగలదు. అవి రాయికో నాచుకో అతుక్కుని పొదుగుతాయి. ఎవరి సాయమూ అక్కర్లేదు. కాలవలవెంట కొన్నిచోట్లకి, మనుషుల ఎర బకెట్లలో కొన్నిచోట్లకి పాకిపోయింది. వెళ్ళినచోట ఇతర చేపల గుడ్లు తినేస్తుంది. సంఖ్య పెరిగి, తిండి చాలక, తానూ గిడసబారిపోతుంది. ఇది అబద్ధం కాదు, నిజమైన నష్టమే. అందుకే చాలాచోట్ల బాస్‌కి ఇన్ని అంగుళాలు, రోజుకిన్ని అని లెక్కలుంటే, పెర్చ్‌కి లెక్కే లేదు.

ఇది చదివాక నాకు చేపలు మరిచిపోయి మన ఇళ్ళు గుర్తొచ్చాయి. నలుగురు పిల్లలున్న ఇంట్లో చూడండి. అమ్మ కలిపి పెడితేగాని తినని పిల్లాడు "పాపం, వాడికేమీ తెలీదు" అనిపించుకుని మీగడ తింటాడు. తన జడ తను వేసుకుని, తన ఫీజు తను కట్టుకునే పిల్ల "దానికేం, ఎక్కడైనా బతుకుతుంది" అనిపించుకుంటుంది. మెచ్చుకోలులా వినిపించే ఆ మాటలో ఎంత విసురుందో పడ్డవాళ్ళకి తెలుస్తుంది. మన చెయ్యి లేకుండా బతకలేనివాళ్ళంటే మనకి ముద్దు. మనతో పని లేనివాళ్ళు మొండివాళ్ళు.

బాస్‌ని వదలడం దయేనా అని మా తమ్ముణ్ణి అడిగాను. "మరి? ప్రాణం పోలేదుగా!" అన్నాడు. నిజమే, పోలేదు. కాని పెదవిలో గాలం దిగింది, పావుగంట పెనుగులాట జరిగింది. పిల్లికి చెలగాటం, ఎలుకకి ప్రాణసంకటం. వదిలింది మళ్ళీ పట్టుకోవడానికే. ఆ ఏర్పాటు చెడ్డదని నేననను. లెక్కలు లేకపోతే సరస్సులు ఏనాడో ఖాళీ అయ్యేవి. దానికి పొదుపు అని పేరు పెట్టుకుంటే నాకే పేచీ లేదు. దయ అంటేనే ఒప్పుకోలేను. నచ్చినవాళ్ళని వదిలిపెట్టడం దయ ఎలా అవుతుంది? అది ఇష్టం. దయకి పరీక్ష నచ్చనివాళ్ళ దగ్గరే.

అయితే పెర్చ్‌ని కూడా వదిలెయ్యమంటావా అని మీరడగొచ్చు. అననండీ. మిగతా చేపల గుడ్లు దక్కాలంటే దాన్ని తగ్గించక తప్పదేమో. కాని చంపడం వేరు, చీదరించుకోవడం వేరు. మాతో వచ్చిన భీమవరం కుర్రాడు తనకి పడ్డ పది పెర్చ్‌లనీ ఐసు వేసిన డబ్బాలో సర్దుకున్నాడు. "పారేస్తే పాపమండీ, అక్కగారూ. దీని కండ భలే రుచి," అన్నాడు. రాత్రి మామిడికాయ వేసి పులుసు పెట్టాడు. ముల్లు మాత్రం మిగిల్చాం. ఆ కుర్రాడు ధర్మశాస్త్రాలేవీ చదివినట్టు లేదు. కాని ప్రాణం తీశాక దానికో విలువ ఇవ్వాలని అతనికి తెలుసు.

అవసరం మనచేత కొన్ని కఠినమైన పనులు చేయిస్తుంది. ఇంట్లోనూ అంతే, ఊళ్ళోనూ అంతే. వాటిని చేస్తూ అవతలివాణ్ణి "దరిద్రం" అనమని మాత్రం ఏ అవసరమూ చెప్పదు. ఆ మాట మన సొంతం.