జీర్ణోద్ధరణం

ఇనుము భూగర్భంలో ఆమ్లజనితో కూడిన ఖనిజంగానే పడి ఉంటుంది. మానవుడు దానిని అగ్నిలో పరితపింపజేసి, ఆ బంధాన్ని తెంచి లోహంగా మేల్కొలిపినా, గాలీ తేమా అదను కనిపెట్టి మళ్లీ ఆ పూర్వస్థితికే ఈడ్చుకుపోవాలని అహర్నిశలు యత్నిస్తూనే ఉంటాయి. సంస్కారం పొందిన పదార్థంలో అణగి ఉన్న ఆ పూర్వవాసనే తుప్పు. అమెరికాలో మిచిగన్, ఒహాయో వంటి ఉత్తర రాష్ట్రాల్లో మంచు కరిగించడానికి శీతకాలపు రహదారులపై చల్లే ఉప్పు ఈ వాసనను మరింత రెచ్చగొడుతుంది గనుక, 1964 నాటి పాంటియాక్ జీటీఓతో ఊపందుకుని, 1970 ప్రాంతంలో పరాకాష్ఠ నందుకుని, బీమా భారం, వాయుకాలుష్య నియమాలు, 1973 చమురు సంక్షోభం ఒకదానివెంట ఒకటి పైబడగా అణగారిన, భారీ ఇంజన్ల మజిల్ కార్లలో నేటికి మిగిలినవాటిని ఇంజనుకంటే రేకుల వ్యాధే ఎక్కువగా పీడిస్తుంది. అరిజోనా ఎడారిలో నిలిచిపోయిన కారుకు రేకు దృఢంగానే ఉన్నా, ఎండకు డాష్‌బోర్డు పగిలి, సీట్లు పెళుసుబారి ఉంటాయి. ఏ క్షేత్రపు దోషం ఆ క్షేత్రానిదే.

ఇటువంటి వాహనాన్ని అల్పధనంతో ఉద్ధరింపబూనినవాడు మొదట చేతపట్టే పరికరం ఒక చిన్న అయస్కాంతం. మెత్తని గుడ్డ చుట్టి దానిని వెనుక చక్రాల పైభాగంలోను, తలుపుల అడుగు అంచుల్లోను రేకు వెంబడి జరుపుతూ పోతే, ఇనుము ఉన్నచోట అతుక్కుంటుంది. పుట్టీ దట్టంగా నింపినచోట పట్టు వదిలి జారిపోతుంది. కంటికి మాత్రం రెండుచోట్లా ఒకే నిగనిగ. రంగు, ప్రైమరు, పుట్టీ, తుప్పు, అడుగున మిగిలిన ఇనుము అని ఐదు పొరలు లెక్కకు రావడం చూసి పంచకోశాలతో ముడిపెట్టాలన్న ఉత్సాహం కలగడం సహజమే గాని, అంత సులభంగా కుదిరే పోలికను కొంచెం అనుమానించడమే మేలు. గ్రహింపదగినది వేరొకటి ఉంది: లోపంపై వేసిన పూత లోపాన్ని ఆపకపోగా, తేమను లోపలనే బంధించి దానిని పోషిస్తుంది.

ధనవంతుడు కారును పనివారికి అప్పగించి, అది మెరుస్తూ తిరిగివచ్చే దినంకోసం నిరీక్షిస్తాడు. అల్పధనునికి ఆ సౌలభ్యం లేకపోవడమే అనుగ్రహం. చేతిలోని సొమ్ము ఒక్క పనికే చాలుతుంది గనుక ఏది ముందు, ఏది వెనుక అన్న వివేకం అతనికి అనివార్యమై, వ్రతంగా పట్టని అపరిగ్రహం పరిస్థితివల్ల పట్టుబడుతుంది. బ్రేకులు, బ్రేకు గొట్టాలు, పెట్రోలు ట్యాంకు, కాళ్ల కింది నేలరేకు ఇవన్నీ చూపరుల కంటపడనివి. మొదటి ధనం వాటికే చెందాలి. శక్తిని ఆవాహన చేసేముందు నిగ్రహాన్ని సిద్ధం చేసుకోవడం ఏ ఉపాసనకైనా క్రమమే కదా! తుప్పుపట్టిన బోల్టులను వంటింటి వెనిగరులో నానబెట్టి, సోడా నీటిలో కడిగి, ఆరబెట్టి నూనె పూస్తే డాలర్లు కాక ఓర్పే ఖర్చవుతుంది. ఇక ఆరంభశూరత్వంతో కారును చివరి మరవరకు విప్పి, డబ్బాలకు ఎత్తి, మూడుమాసాలకే ఆసక్తి సన్నగిల్లి, ఆ డబ్బాలతోసహా అమ్మివేసేవారు కొందరు. అది శ్మశాన వైరాగ్యపు జాతికి చెందిన తెగింపు. ఆలయ జీర్ణోద్ధరణలో మూలమూర్తి శక్తిని బాలాలయంలోకి ఆవాహన చేసి, అర్చనకు విచ్ఛేదం రాకుండా చూసుకుంటూనే గర్భాలయాన్ని సంస్కరిస్తారు. అదేవిధంగా ఒక్కొక్క అంగాన్ని బాగుచేస్తూ కారును నడిచే స్థితిలోనే నిలుపుకొన్నవాని దీక్ష చెదరదు.

1970 షెవ్రొలే షెవెల్‌ను తీసుకుంటే, అందులో 454 ఘనపుటంగుళాల ఇంజనుతో 450 అశ్వశక్తి ప్రకటించుకున్న ఎస్ఎస్ ఉంది. 307 ఇంజనుతో 200 అశ్వశక్తితో, నాలుగు చక్రాలకూ డ్రమ్ బ్రేకులతో సంసారపక్షంగా వచ్చిన మాలిబూ ఉంది. ఆ ఏటి ఎస్ఎస్ అన్నది అదనపు సామగ్రి జాబితాలోని అంశమే గాని కారు క్రమసంఖ్యలో చెక్కబడినది కాదు గనుక, మాలిబూకు ఎస్ఎస్ చిహ్నాలు తగిలించి విపణిలో ఆ పేరుతోనే చలామణి చేయడం తేలిక. నిజం చెప్పగలిగినది, కర్మాగారంలో తయారీ సమయాన పెట్రోలు ట్యాంకు పైభాగంలోనో సీటు స్ప్రింగుల నడుమనో ఉండిపోయిన, ఆ కారుకు అమర్చిన భాగాల జాబితా గల ఒక జీర్ణపత్రం. జన్మరహస్యం ఎవరూ తొంగిచూడని చోటనే లిఖితమై ఉండడం ఎంత ఉచితం! ఎస్ఎస్ ధరను అందుకోలేనివాడు మాలిబూను కొని, దానిని మాలిబూగానే నిలబెడితే అది స్వధర్మానుష్ఠానం. ఆ చిహ్నాల వ్యామోహం పరధర్మమే. సామాన్యమైన నమూనాలపై పెట్టిన ఖర్చు అమ్మకంలో తిరిగిరావడం అరుదు గనుక, ఫలాపేక్ష ఈ మార్గంలో ముందే ఎండిపోతుంది.

అయితే అంతరంగాన్ని శుద్ధిచేశానన్న ధీమాతో బాహ్యాన్ని తృణీకరించి, కారును బూడిదరంగు ప్రైమరుతోనే ఏళ్ల తరబడి తిప్పేవారు కనిపిస్తారు. దాన్నొక నిరాడంబరతగా చెప్పుకోవడమూ కద్దు. సాధారణ ప్రైమరు సూక్ష్మరంధ్రాలతో కూడినది. వాననీటిని పీల్చుకుని, కడిగి తోమి వెలికితీసిన ఇనుముకు మళ్లీ దానినే అందిస్తుంది. ఆచారాన్ని అలంకారమని తోసిపుచ్చినవాని తత్త్వజ్ఞానానికీ అదే గతి. రంగు చిట్టచివర రావలసినదే, కాని రాకతప్పనిది; ప్రదర్శనశాల మెరుపు లేని చవకరకం పూతైనా, అంచుల మూలమూలలా అందేలా వేస్తే కవచంగా పనిచేస్తుంది.