కానరాని రజను

లోపమును కానవచ్చిన చోట దిద్దవలయునా, పుట్టిన చోట దిద్దవలయునా? లేతు యంత్రము దీనికొక సమాధానము చెప్పుచున్నది.

లేతుపై ఇనుపకడ్డీని పట్టియుంచు చక్కు తిరుగు ఇరుసు కొనకు బిగింపబడును. అవి రెండును ఆనుకొను చోట, ఒక అంచున, 0.05 మిల్లీమీటర్ల ఇనుపరజను చిక్కెననుకొందము. ఆ ఆనుచోటి వెడల్పు 100 మిల్లీమీటర్లయినచో, 200 మిల్లీమీటర్ల దూరమున కడ్డీ సుమారు 0.1 మిల్లీమీటరు తొలగును. తిరుగునపుడు డయల్ గేజి ముల్లు అందుకు రెట్టింపు ఊగును. రజను కానరాదు, ఊపు మాత్రము కానవచ్చును.

తొందరపాటువాడు కడ్డీ కొనను సుత్తితో తట్టును. ముల్లు అచ్చట నిలుచును. మరియొకచోట మరల ఊగును. నేర్పరి ముందుగనే రెండుచోట్ల కొలుచును. దూరమున ఊపు హెచ్చినచో చక్కు ఒరిగెనేమోయని శంకించి, దానిని విప్పి, ఆనుచోట్లను తుడిచి, మరల బిగించును.

బిడ్డ బొంకెనని తండ్రి కొట్టును. ఆ బొంకు ఆగును. కాని బిడ్డ బొంకినది దెబ్బల భయముచేతనేయైనచో, ఈ దెబ్బ రజనును తుడువలేదు, మరికొంత చేర్చినది. రేపటి బొంకు మరింత నేర్పుగా నుండును.

మందలింపే వలదనుట కాదు. ఆనుచోటు శుభ్రపడిన పిమ్మట మిగిలిన లోపమును సవరింపవలసినదే. అప్పుడును ముల్లు చూపిన ఊపులో సగమే కడ్డీని జరుపవలెను. మొత్తము జరిపినచో లోపము అంతయు ఆవలిప్రక్కకు చేరును. విప్పి చూచుటకు పని కొంతసేపు ఆగును. ఆ మాత్రమోర్వని యింట సుత్తికి విశ్రాంతి యుండదు.