మనం చూడనిది మన జ్ఞాపకం అవుతుందా?

"విశాఖ ఉక్కు – ఆంధ్రుల హక్కు" అనే నినాదం వినని తెలుగువాళ్లు తక్కువ. బరంపురంలో పుట్టి పెరిగిన నేనూ విన్నాను. కానీ దాని వెనక ఏం జరిగిందో తాతయ్య చెప్పేదాకా తెలీదు.

విశాఖలో ఉక్కు ఫ్యాక్టరీ కావాలని 1966లో టి. అమృతరావు గారు నిరాహారదీక్ష చేశారు. విద్యార్థులు తరగతులు వదిలి వీధుల్లోకి వచ్చారు. ఆంధ్రప్రదేశ్ ఏర్పడి సరిగ్గా పదేళ్లు నిండిన నవంబరు 1న విశాఖలో పోలీసులు కాల్పులు జరిపారు. చనిపోయినవాళ్లలో తొమ్మిదేళ్ల పిల్లాడు కూడా ఉన్నాడు. ఉద్యమం మొత్తంలో 32 మంది ప్రాణాలు పోయాయి. 1971లో ఇందిరాగాంధీ గారు ఫ్యాక్టరీకి శంకుస్థాపన చేశారు.

తాతయ్య అప్పుడు విశాఖలో చదువుకునేవారు. పెళ్లిళ్లలో కలిసినప్పుడు ఆయన వయసువాళ్లంతా "మేం పోరాడాం" అంటారు. తాతయ్య మాత్రం ఏమీ అనరు. ఒకరోజు నేనే అడిగాను.

"ఉన్నానమ్మా ఊరేగింపులో. తుపాకీ చప్పుడు వినగానే పరిగెత్తాను. చెప్పులు అక్కడే పోయాయి. నా పక్కన నడిచిన కుర్రాడు ఏమయ్యాడో ఈనాటికీ తెలీదు. పేరైనా అడగలేదు" అన్నారు.

మొదట నాకు చిన్నతనంగా అనిపించింది. తర్వాత ఆలోచించాను. "మేం పోరాడాం" అన్నప్పుడు పోయినవాళ్లు, బతికినవాళ్లు, ఇంట్లో కూర్చున్నవాళ్లు అందరూ కలిసిపోతారు. తాతయ్య మాటల్లో ఆ కుర్రాడు ఇంకా విడిగా ఉన్నాడు.

"అది ఆంధ్రావాళ్ల గొడవ, గంజాం 1936 నుంచి ఒడిశాలోనే ఉంది కదా, నీకెందుకు?" అంది నా స్నేహితురాలు. నిజమే. కానీ మా బాబాయి ఆ ఫ్యాక్టరీ జీతంతోనే పిల్లల్ని చదివించారు. ఎవరో ప్రాణం పెడితే వచ్చిన అన్నం మనం తిన్నప్పుడు, వాళ్లను తలుచుకోవడానికి రాష్ట్రం సరిహద్దు అడ్డం కాదనుకుంటాను.

2021లో ఫ్యాక్టరీని ప్రైవేటుకు ఇవ్వాలని కేంద్రం నిర్ణయించినప్పుడు విశాఖలో మళ్లీ అదే నినాదం వినిపించింది. మా అన్నయ్యలూ అరిచారు. ఆ 32 మందిలో ఒక్కరి పేరైనా తెలుసా అని అడిగితే చెప్పలేకపోయారు. నాకూ తెలీదు. నినాదం మిగిలి మనుషులు పోతే అది సగం జ్ఞాపకమే.

మనం చూడనిది మన జ్ఞాపకం అవుతుంది, కానీ చూసినవాళ్లు నిజం చెప్పాలి, మనం దాన్ని పెంచకుండా దాచాలి. అందుకే తాతయ్య చెప్పింది చెప్పినట్టే నోటుపుస్తకంలో రాసుకున్నాను, పరిగెత్తానన్న మాటతో సహా. మీ ఇంట్లో పెద్దవాళ్లుంటే మీరూ అడగండి.