చౌక చేప

ఇంట్లో కొత్తగా చేపల తొట్టి పెట్టేవారికి దుకాణంలో తరచుగా దొరికే సలహా ఒకటుంది. “ముందు రెండు చౌక చేపలు వేయండి. నెల రోజులు బతికితే, తరువాత ఖరీదైనవి వేసుకోవచ్చు.” ఆ మాటలో శాస్త్రం కొంత లేకపోలేదు. అయితే తక్కువ ధర ప్రాణిని ఎక్కువ ధర ప్రాణి కోసం బలిపెట్టడం న్యాయమేనా?

చేప తన మొప్పల ద్వారా అమ్మోనియాను విడుస్తుంది. తినకుండా మిగిలిన మేత కుళ్ళినా అదే పుడుతుంది. చెరువుల్లో దీన్ని వాడుకొని బతికే సూక్ష్మజీవులు ఎప్పుడూ ఉంటాయి. కొన్ని అమ్మోనియాను నైట్రైట్‌గానూ, మరికొన్ని ఆ నైట్రైట్‌ను అంతగా హాని చేయని నైట్రేట్‌గానూ మారుస్తాయి. కొత్త తొట్టిలో అవి దాదాపు ఉండవు. గులకరాళ్ళ మీద, ఫిల్టరు స్పాంజిలో స్థిరపడడానికి వాటికి సాధారణంగా 4 నుంచి 6 వారాలు పడుతుంది. ఆ వారాల్లో వేసిన చేప తన విసర్జనలోనే ఊపిరి తీసుకోవాలి. అమ్మోనియా మొప్పలను దెబ్బతీస్తుంది. నైట్రైట్ రక్తంలో చేరి ప్రాణవాయువును మోసే శక్తిని హరిస్తుంది. రక్తం గోధుమ రంగుకు తిరుగుతుంది. ఇంత జరుగుతున్నా నీరు అద్దంలా తేటగానే ఉంటుంది. చేప ఊపిరాడక పైకి వచ్చి నోరు తెరుస్తుంటే, ముద్దులు పెడుతోందని పిల్లలు సంబరపడతారు.

చేపకు బాధ తెలుస్తుందా అని మీరు అడగవచ్చు. 2003లో బ్రిటన్‌లో లిన్ స్నెడన్, ఆమె సహచరులు ట్రౌట్ చేప తలలో హానిని పసిగట్టే నాడులున్నాయని చూపారు. అది మనం అనుభవించే బాధ వంటిదేనా అన్న వాదం శాస్త్రజ్ఞుల మధ్య ఇంకా తేలలేదు. తేలే వరకు సందేహలాభం ఎవరికివ్వాలి? చేపకే ఇవ్వాలంటాను. మనవైపు ఉన్నది తొందర మాత్రమే. దానివైపు ఉన్నది ప్రాణం.

చచ్చిన చేపను పిల్లలు నిద్రలేవకముందే తీసేసి, అలాంటిదే ఇంకొకటి తెచ్చి వేసే తల్లిదండ్రులున్నారు. పిల్లల మనసు నొచ్చుకోకూడదన్నది వారి ఉద్దేశం. కాని పిల్లలు ఎన్నాళ్ళో మోసపోరు సుమా!

నిజానికి చేప లేకుండానే నీటిని సిద్ధం చేయవచ్చు. ఖాళీ తొట్టిలో ఫిల్టరు నడుపుతూ రోజూ చిటికెడు మేత వేయండి. అది కుళ్ళి అమ్మోనియా ఇస్తుంది. ఆరోగ్యంగా ఉన్న పాత తొట్టి నుంచి స్పాంజి ముక్క తెచ్చుకుంటే పని త్వరపడుతుంది. పరీక్ష కిట్టుతో చూస్తే ముందు అమ్మోనియా, ఆ తరువాత నైట్రైట్ పెరుగుతాయి. రెండూ సున్నాకు దిగి, నైట్రేట్ కనిపించినప్పుడే చేపలు వేయాలి.

వారాలు గడిచినా ఆ అంకెలు దిగకపోతే నీటినే అనుమానించండి. కుళాయి నీటిలోని క్లోరిన్ ఈ సూక్ష్మజీవులను చంపుతుంది. హైపో కలిపి దాన్ని తొలగించాలి. స్పాంజిని కుళాయి కింద శుభ్రంగా కడిగేస్తే, పెంచుకున్న జీవులు కూడా నశిస్తాయి. తొట్టిలోంచి తీసిన నీటిలో పిండితే చాలు. ఈ జీవులు పనిచేస్తూ నీటిలోని క్షారగుణాన్ని ఖర్చుచేస్తాయి కనుక, మెత్తని నీటిలో పీహెచ్ 6 దరిదాపులకు జారి పని మందగిస్తుంది. కొంత నీరు మార్చితే మళ్ళీ సాగుతుంది. పీహెచ్ పెరిగితే చిక్కు వేరు. అది 7 నుంచి 8కి చేరితే, అమ్మోనియాలో విషరూపంలో ఉండే భాగం సుమారు పదింతలవుతుంది. పొరుగింటి తొట్టిలో చేపలు ఓర్చుకున్న అంకె మీ తొట్టిలో ప్రాణం తీయవచ్చు.

తెలియక ఇప్పటికే చేపలు వేసి ఉంటే కంగారుపడి నీరంతా పారబోయకండి. మేత బాగా తగ్గించండి. క్లోరిన్ తీసిన నీటితో రోజూ పావు వంతు మార్చుతూ, రెండు అంకెలూ సున్నాకు వచ్చే వరకు పరీక్షించండి. సూక్ష్మజీవులు రాళ్ళకు, స్పాంజికి అంటుకొని ఉంటాయి కనుక నీటితో పాటు పోవు.