గుమ్మం ముందు గోంగూర



ఈ నెల ధ్యానం కోసం 2 రాజులు 4వ అధ్యాయం తెరచి దగ్గర పెట్టుకోండి. నేను వాక్యోపదేశకుణ్ణి కాను, వారమంతా కంప్యూటరు ముందు కూర్చుని పనిచేసుకునేవాణ్ణి. కానీ ఈ అధ్యాయం నా తప్పు ఒకటి నాకు చూపించింది. అది మీ ముందు ఒప్పుకోవాలని రాస్తున్నాను.

ఈ అధ్యాయం అనగానే మనకు గుర్తొచ్చేవి పెద్ద అద్భుతాలు. విధవరాలి ఇంట్లో ఆగకుండా పారిన నూనె, షూనేమీయురాలి కుమారుడు తిరిగి బ్రతకడం. వాటి మధ్యలో ఉన్న చిన్న సంగతులు మనం చదువుతూ దాటిపోతాం. 10వ వచనం చూడండి. ఆ షూనేమీయురాలు దైవజనుని కోసం ఒక చిన్న గది ఏర్పాటు చేయాలనుకుంది. అందులోకి మంచం, బల్ల, పీట, దీపస్తంభం కావాలంది. నాలుగే సామాన్లు. ఆమె కలిగినింటి మనిషి, ఇంకా ఎంతైనా పెట్టగలదు. కానీ దారిన నడిచి అలసిపోయి వచ్చేవాడికి ఏం కావాలో ఆలోచించింది. నడుము వాల్చడానికి, తినడానికి, కూర్చోడానికి, చీకటి పడితే చూసుకోడానికి. ఇంత చిన్న జాబితాను పరిశుద్ధాత్ముడు ఒక్కటీ వదలకుండా రాయించాడు.

డాలస్ చుట్టుపక్కల ఉన్న మనకు దీపం విలువ ఒకరు చెప్పక్కర్లేదు. 2021 ఫిబ్రవరి మంచు తుఫాను మీకు గుర్తుండే ఉంటుంది. టెక్సాస్‌లో లక్షలాది ఇళ్లకు కరెంటు పోయింది. ఇక్కడ చలి ఫారెన్‌హీట్‌లో సున్నా కంటే కిందికి దిగింది. ఉన్న కోట్లన్నీ తొడుక్కుని, దుప్పట్లన్నీ పరుచుకుని, ఇంటిల్లిపాదీ ఒకే గదిలో పడుకున్నాం. హీటరు మళ్లీ మోగినప్పుడు నేనూ నా భార్యా ఏడుస్తూ ప్రభువును స్తుతించాం. ఆ స్తుతి ఎన్నాళ్లుందంటారా? మార్చి నెల వచ్చేసరికి కరెంటు బిల్లు చూసి సణుగుతున్నాను. లేనప్పుడు వెలితిగా ఉండడం ఎవరికైనా వస్తుంది. ఉన్నప్పుడు ఇచ్చినవాళ్లను తలచుకోవడం వేరే సంగతి. అది నాకు రాలేదు.

ఇప్పుడు 42వ వచనానికి రండి. బయల్షాలిషా అనే ఊరి నుండి ఒక మనిషి వచ్చాడు. పేరు లేదు. తన మొదటి పంట యవలతో చేసిన ఇరవై రొట్టెలూ కొన్ని కొత్త వెన్నులూ ఎలీషాకు తెచ్చాడు. 38వ వచనంలో దేశంలో కరువు అని ఉంది, అది మరచిపోకండి. యవలు గోధుమలంత విలువైనవి కావు. ఇదే గ్రంథం 7వ అధ్యాయంలో షోమ్రోను గుమ్మం దగ్గర ధరలు చెప్పినచోట, ఒక మానిక సన్నని గోధుమపిండి ధరకు రెండు మానికల యవలు వస్తాయి. అంటే సగం ధర. ఖరీదైన కానుక కాదు. తన చేలో పండింది, తన ఇంట్లో కాల్చింది.

మన సంఘంలో ఒక మామ్మగారు ఉన్నారు. విజిటర్ వీసా మీద ఏప్రిల్‌లో కొడుకు దగ్గరకు వచ్చి, అక్టోబరులో వెళ్లిపోతారు. వచ్చిన వారంలోనే కంచె పక్కన మట్టి తవ్వి గోంగూర చల్లుతారు, సొరపాదు పెడతారు. మన టెక్సాస్ ఎండకు మనం ఇంట్లో దాక్కుంటాం గాని, గోంగూరకు ఆ ఎండే కావాలి. జూన్ నుండి ప్రతి ఆదివారం ఆరాధన అయ్యాక పార్కింగులో మామ్మగారి సంచులు మీలో చాలామంది అందుకునే ఉంటారు.

నేనూ అందుకునేవాణ్ణి. చెబుతున్నానుగా, ఒప్పుకోవాలని. ఆ సంచి ఇంటికి తెచ్చి ఫ్రిజ్ అడుగున పెట్టేవాణ్ణి. ఇద్దరం ఉద్యోగాలు చేసేవాళ్లం, ఆకు వలిచే ఓపిక ఎవరికుంది? ఇండియన్ స్టోర్‌లో దొరుకుతుంది కదా, కావలసినప్పుడు తెచ్చుకోవచ్చు అనుకునేవాణ్ణి. గురువారానికి ఆకు నల్లబడేది, శుక్రవారం చెత్తబుట్టలోకి పోయేది. ఒక ఆదివారం మామ్మగారు నన్ను ఆపి, "గోంగూర ఎలా ఉంది నాయనా?" అని అడిగారు. నేను తడుముకోకుండా, "అబ్బో, భలే పుల్లగా ఉందండీ మామ్మగారూ, పప్పులో వేసుకున్నాం" అన్నాను. అప్పుడే బల్లలో పాలుపొంది బయటికి వచ్చాను. ఆ నోటితోనే అన్నాను.

43వ వచనంలో ఎలీషా పనివాడి ప్రశ్న ఉంది. నూరుమందికి ఇదెలా వడ్డించేది అంటాడు. వాడి మీద నాకు జాలి. వాడూ నాలాంటి లెక్కల మనిషే. ఇరవై రొట్టెలు, నూరుమంది, ఐదుగురికి ఒకటి. లెక్క తప్పు కాదు. ఎలీషా కూడా లెక్క తప్పనలేదు, వడ్డించమన్నాడు. వాళ్లు తిన్నారు, ఇంకా మిగిలింది. ఆ పనివాడు రొట్టెలు ఎన్నో చూశాడు గాని, కరువులో తన మొదటి పంట మోసుకొచ్చిన మనిషి వైపు చూశాడో లేదో. నేనైతే చూడలేదు.

ఆ ఆగస్టులో నా ఉద్యోగం పోయింది. హెచ్ వన్ బి మీద ఉన్నవాళ్లకు ఆ తర్వాత ఏమవుతుందో తెలుసు. 60 రోజులలోపు ఇంకొక ఉద్యోగం చూసుకోవాలి, లేదా సర్దుకుని వెళ్లాలి. దానికి వాళ్లు పెట్టుకున్న పేరు గ్రేస్ పీరియడ్. కృపాకాలమట! సంఘంలో ఎవరికీ చెప్పలేదు. ప్రార్థనావసరతలు అడిగినప్పుడు ఊళ్లో ఉన్న నాన్న మోకాళ్ల నొప్పి గురించి చెప్పి కూర్చునేవాణ్ణి. సిగ్గు.

ఒక మంగళవారం మధ్యాహ్నం రెండింటికి తలుపు కొట్టారు. తీస్తే మామ్మగారు, చేతిలో సొరకాయ, సంచిలో గోంగూర. కొడుకు కారులోనే ఉన్నాడు. పనిరోజున ఆ వేళకు గడ్డం పెరిగిన మొహంతో గుమ్మంలో నిలబడ్డ నన్ను ఆమె చూశారు. ఏమీ అడగలేదు. "ఇంట్లోనే ఉన్నావా నాయనా, మంచిదైంది. లేతకాయ, ఇవాళే వండుకోండి" అని సొరకాయ నా చేతిలో పెట్టి, సంచి గుమ్మం ముందు దించి వెళ్లిపోయారు.

ఆ సాయంత్రం పాత దుప్పటి పరిచి, ఆరేళ్ల మా పాపా నేనూ ఆకు వలిచాం. వలుస్తూ ఉంటే నాకు లెక్క మరోలా కనబడింది. ఈ దేశంలో మామ్మగారిది అనేది ఏముంది? ఇల్లు కొడుకుది, వంటగది కోడలిది, కారు నడపరు, భాష రాదు. కానుకల సంచిలో వేసే ఐదు డాలర్లు కూడా కొడుకు చేతిలో పెట్టినవే. ఆమె సొంత కష్టంతో ఒకరికి ఇవ్వగలిగింది కంచె పక్కనున్న ఆ కాస్త మట్టిలో పండిందే. అదే నేను శుక్రవారం శుక్రవారం పారేశాను. ద్వితీయోపదేశకాండము 18వ అధ్యాయంలో ప్రథమఫలాలు యాజకునికి ఇమ్మని ఉంటుంది. మామ్మగారు తన ప్రథమఫలాలు మన పార్కింగులో పంచారు.

రాత్రి భోజనం ముందు పాప ప్రార్థన చేసింది. ఈ ఆహారాన్ని దీవించు ప్రభువా అని రోజూ చెప్పేదే చెప్పి, చివర మామ్మగారిని కూడా దీవించు అంది. నా భోజన ప్రార్థనలో ఇన్నేళ్లలో ఒక మనిషి పేరు పలికిన గుర్తు నాకు లేదు. ఆ రాత్రే నా భార్యతో, ఆదివారం సంఘంలో ఉద్యోగం సంగతి చెబుదాం అన్నాను. చెప్పాను. ఆ వారం ఎంతమంది మా ఇంటికి వచ్చారో మీకు తెలుసు, మీరే కదా వచ్చింది. 47వ రోజున ఉద్యోగం దొరికింది. దొరకకపోయినా ఇదే రాసేవాణ్ణా అంటే, చెప్పలేను.

సహోదరులారా, ఈ ఆదివారం ఎవరైనా మీ చేతిలో నాలుగు బెండకాయలో, ఒక కరివేపాకు రెమ్మో, ఊరి నుండి వచ్చిన ఆవకాయలో కాస్తో పెడితే, "ఎందుకండీ శ్రమ" అనకండి. ఆ రాత్రే వండుకోండి. తిని, ఎలా ఉందో వాళ్లకు ఫోన్ చేసి నిజం చెప్పండి. ఉప్పు ఎక్కువైతే ఎక్కువైందనే చెప్పండి, వాళ్లు సంతోషిస్తారు.

అక్టోబరులో మామ్మగారు వెళ్లే ముందు వాళ్లింటికి వెళ్లి, ఆకు పారేసిన సంగతీ, ఆడిన అబద్ధమూ చెప్పి క్షమించమన్నాను. ఆమె నవ్వారు.

"నాకప్పుడే తెలుసు నాయనా. అది తెల్ల గోంగూర, అంత పులుపెక్కడిది దానికి?"

నాకు నోట మాట రాలేదు. కాసేపటికి, "మరి తెలిసి కూడా మళ్లీ మళ్లీ ఎందుకు తెచ్చారండీ?" అని అడిగాను.

"చేలో ఉంచితే ముదిరిపోతుంది కదయ్యా. కోస్తేనేగా మళ్లీ చిగురేసేది" అని, లోపలికి వెళ్లి ఆఖరి కోత ఇంకొక సంచి తెచ్చి నా చేతిలో పెట్టారు.