నేర్పూ, అదృష్టమూ, నిలదొక్కుకొనే శక్తీ

ఆటలో గెలిపించేది అదృష్టమా, నేర్పా? పులి-మేకలో గవ్వలు లేవు. ఓడినవాడు తన ఎత్తునే నిందించుకోవాలి. అష్టాచెమ్మాలో పందెం గవ్వలది, కాయ నడిపే బుద్ధి మనిషిది. పేకాట ఈ రెండింటి మధ్యా ఉంది.

1967లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వానికీ కె. సత్యనారాయణకూ మధ్య నడిచిన వ్యాజ్యంలో సుప్రీంకోర్టు ఈ ప్రశ్ననే విచారించింది. మూడు ముక్కలాట కేవలం అదృష్టమని, రమ్మీ ప్రధానంగా నేర్పుతో కూడినదని తీర్పు చెప్పింది. పడిన ముక్కలను జ్ఞాపకం ఉంచుకోవాలి. ఏది ఉంచాలో, ఏది పారవెయ్యాలో తెలియాలి. అయితే ఆట జరిపించేవాడు దానిమీద లాభం తీస్తుంటే నేరం కావచ్చునని కూడా ఆ తీర్పే అన్నది. ఈ రెండవ మాటను మనం తరచు మరచిపోతాం.

నేర్పు ఎప్పుడు బయటపడుతుంది? ఒక్క పంపకంలో మంచి ముక్కలు పడ్డ మూర్ఖుడు నేర్పరిని ఓడించవచ్చు. కొన్ని వందల పంపకాలు సాగితే ముక్కల మంచిచెడ్డలు ఇద్దరికీ ఇంచుమించు సమానమై, నేర్పులోని తేడా మిగులుతుంది. కాని అంతసేపు కూర్చోవాలంటే తొలి ఓటములను తట్టుకొనే డబ్బుండాలి. అది లేనివాడు తన నేర్పు రుజువు కాకముందే లేచిపోతాడు.

ఆసిఫాబాద్ పత్తిచేలకు వెళ్ళి చూడండి. తొలకరికి గింజ వేస్తారు. వాన ముఖం చాటేస్తే మొలక ఎండుతుంది. మళ్ళీ గింజ కొనాలి. పాతికెకరాల ఆసామికీ, రెండెకరాల కౌలుదారుకూ కురిసే వాన ఒకటే. ఆసామి వచ్చే ఏటికోసం కాచుకోగలడు. కౌలుదారు అప్పుకు పోతాడు. కొన్నేళ్ళకు మొదటివాడిని తెలివైన రైతంటాం, రెండవవాడిది తలరాతంటాం. నిజానికి ఇద్దరి నేర్పూ సమానమే కావచ్చు.

అంటే నేర్పు అబద్ధమా? కాదు. అంతా విధి అనేవాడు ఆట జరిపించేవాడికే మేలు చేస్తాడు. అంతా ప్రతిభ అనేవాడు చేసేదీ అదే మేలు. ఉద్యోగపు పరీక్షకు మూడేళ్ళు తీరికగా కూర్చోగలిగిన విద్యార్థినీ, మొదటిసారి తప్పగానే కూలికి పోవలసిన విద్యార్థినీ ఒకే కొలతతో కొలిచి, దానికి ప్రతిభ అని పేరు పెట్టడం న్యాయమా?

2025లో పార్లమెంటు ఆన్‌లైన్ పందెపుటాటలను నేర్పు, అదృష్టం అన్న తేడా చూడకుండానే నిషేధించింది. చట్టానికి కూడా ఆ తేడా ఒక్కటే చాలలేదు. కనుక గెలిచినవాడిని మెచ్చుకొనేముందు మనం అడగవలసినవి మూడు: పంచింది ఎవరు? ఎవరు ఎంతసేపు కూర్చోగలరు? ఎవరు ఓడినా లాభపడేది ఎవరు?